టర్కీ కడుపులో ఆలుగడ్డలు

ఆదివారం చర్చి భోజనంలో మా టర్కీ కోడిని కోస్తే లోపల్నుంచి ఉడికిన ఆలుగడ్డలు దొర్లాయి కదా! మర్యాదకి ఎవరూ అడగలేదు. నేనే చెప్పేస్తా, వినండి. ఆఖరి అరగంటలో ఇంట్లో దొరికినవి అవే! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతోంది.

"ఈ క్రిస్మస్‌కి టర్కీ నాది! లోపల కైమా, ఆపిల్, ఎండుద్రాక్షల స్టఫింగ్!" అని నలభైమంది ముందు మైకులో చెప్పింది నేనే. శనివారం మధ్యాహ్నానికల్లా కైమా వేయించి, పండ్ల ముక్కలూ బ్రెడ్డూ కలిపి పెద్ద గిన్నె నిండా చేశాను. మా ఫ్లోరంతా ఘుమఘుమ! కానీ ఆ రోజు నాకు ఉపవాస ప్రార్థన. సాయంత్రం ఆరు దాకా మెతుకు ముట్టను. మరి ఉప్పు చూసేదెవరు?

"ఏమండీ, కాస్త రుచి చూడండి" అన్నా.

మా ఆయన స్పూను తేలేదు, గరిటె తెచ్చాడు. "ఉప్పు ఓకే. తీపే సరిగ్గా తెలియట్లేదు. ఇంకోసారి చూస్తా."

మదనపల్లె నుంచి వచ్చిన మా అత్తమ్మ ముందు మూతి తిప్పింది. "మాంసంలో పండ్లేందమ్మా, పాయసమా?" ఒక ముద్ద నోట్లో పడ్డాక స్వరం మారింది. "బాగానే ఉండాదే! రవంత కారం పడాల." వేశా. "ఇట్లియ్యి, ఇప్పుడు చూస్తా."

నేను గదిలో మోకాళ్ళ మీద. వంటింట్లో గరిటె చప్పుడు. ఆమెన్ అని బయటికొస్తే గిన్నెలో మిగిలింది పావు వంతే! ఏడింటికి టర్కీని బేకరీలో ఇవ్వాలి, మా ఓవెన్‌లో పట్టదు!

"రుచి చూడమంటే భోంచేస్తారా? రేపు అంతమందిలో నా ముఖం ఎక్కడ పెట్టుకోను?" ప్రభువు క్షమించుగాక, నా అరుపులకి పక్క ఫ్లాట్ వాళ్ళు టీవీ సౌండు తగ్గించారు. తల్లీ కొడుకూ బెడ్రూంలో దూరి తలుపేసుకున్నారు.

ఆరైంది. ఉపవాసం విడిచా. అంతలా తినడానికి ఇందులో ఏముందో చూద్దామని, ఒక్క స్పూను...

కాసేపటికి తలుపు సందులోంచి అత్తమ్మ తొంగిచూసింది. "కోపం తగ్గిందా అమ్మా? ఎంత మిగిలుండాది?"

తిట్టాల్సినవి ఇంకా బోలెడున్నాయి. కానీ రెండు బుగ్గల్లో కైమా పెట్టుకుని మనిషిని తిట్టడమెలాగో, మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి!