ఏడో పేరాలో రెండో వాక్యం

నెల్లూరులో మా వకీలు గారి ఆఫీసుకు నేను మొదటిసారి వెళ్లినప్పుడు అక్కడ ఒక కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద ఆయన ఉత్తరీయం పడేసి ఉంది. ఆయన దాన్ని తియ్యలేదు, నన్ను కూర్చోమనలేదు. నా దావా సంగతంతా నిలబడే చెప్పుకున్నాను. ఇలాంటివి నేను మరిచిపోను. మరిచిపొమ్మని ఇంట్లో వాళ్లు చాలామంది చెప్పారు. వాళ్లు చెప్పిన తీరు కూడా నాకు గుర్తుంది.

కానీ ఇప్పుడు రాయబోయేది కుర్చీ గురించి కాదు. ఒక వాక్యం గురించి. ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ రాయను. ఎందుకు రాయనో చివరికి తెలుస్తుంది.

అరవైల మొదట్లో మాట. మా ఊరు ఇందుకూరుపేట దిక్కు. కాలువ చివరి వరి కయ్యలు మావి. చివరి కయ్యకు నీళ్లు చేరాలంటే పైవాళ్లందరికీ మనసు రావాలి. మా పై కయ్య ఆసామికి ఆ మనసు లేదు. వరసకు మాకు చిన్నాయన అవుతాడు. మా పిల్లకాలువ ఆయన పొలానికి పడమటి గట్టు వెంబడి వచ్చేది. మా వంతు వచ్చిన రోజు ఆయన దానికి మట్టి అడ్డం వేసి, నీళ్లన్నీ తన కయ్యలోకి మళ్లించుకునేవాడు. అడిగితే గట్టు తెగిందనేవాడు.

ఆ ఏడు నాకు కామెర్లు వచ్చి మంచం పట్టాను. మా వంతు తెల్లవారుజామున. అందుకని లాంతరు పట్టుకుని అక్క వెళ్లేది. అక్క నాకంటే పెద్దది. పెళ్లయి కోట అనే ఊరి పక్క ఒక పల్లెకు కాపురానికి పోయి, కొన్నేళ్లకు ఒక ట్రంకుపెట్టెతో తిరిగి వచ్చింది. ఎందుకు వచ్చిందని మేము అడగలేదు. వచ్చిన మర్నాడే చీర ఎగదోపుకుని నారుమడిలోకి దిగింది. ఆ రోజు నుంచి మా సేద్యం సగం ఆమెదే.

చిన్నాయన మట్టి వేస్తుండగా కళ్లారా చూసింది ఆమె ఒక్కతే.

"ఏం చిన్నాయనా, మా నీళ్లకు మట్టి ఎయ్యడానికి ఇంత పొద్దున్నే లేచినావా?" అని అడిగిందట.

"ఆడదానివి, నీకేం పని ఈడ? పో ఇంటికి."

"నీళ్లు పారనీ. వాటెంబడే పోతాను."

ఊళ్లో పెద్దమనుషులు నాలుగు మాటలు చెప్పి చూశారు. అందులో ఇద్దరు చిన్నాయన ఇంట్లో భోజనం చేసి వచ్చి చెప్పారు. అది కూడా నాకు గుర్తుంది. చివరికి నేను మునసబు కోర్టులో దావా వేశాను. దావాకు ఆధారం అక్క సాక్ష్యం. అది లేకపోతే కాలువ లేదు, కాలువ లేకపోతే ఆ కయ్యల్లో మొలగొలుకుల వరి కాదు కదా, తుంగ తప్ప ఏదీ మొలవదు.

ఆ రోజుల్లో మా వకీలు గారు దావా అర్జీలు ఇంగ్లీషులో టైపు చేయించేవారు. గుమాస్తా దాని మీద వేలు పెట్టి తెలుగులో గబగబా చెప్పుకుంటూ పోయేవాడు. చివర, తెలుగులో వివరించగా విని, అర్థం చేసుకుని సంతకం చేశానని కూడా ఇంగ్లీషులోనే ఉండేది. నేను మూడో ఫారం దాకా చదివాను. అక్షరాలు తెలుసు, కోర్టు ఇంగ్లీషు తెలియదు. సంతకం పెట్టాను. తీరా చూస్తే అర్జీలో కాలువ తూర్పు గట్టున ఉందని రాశారు. మొదటి వాయిదాలోనే ఎదుటి వకీలు లేచి, "వాదికి సూర్యుడు ఏ పక్క ఉదయిస్తాడో కూడా తెలిసినట్టు లేదు" అన్నాడు. అందరూ నవ్వారు. మా వకీలు గారు కూడా నవ్వారు. ఆయన నవ్వడం నేను చూశాను.

సవరణ వేశారు. తప్పు టైపు మిషనుదని చెప్పారు. ఇకమీదట నేను స్వయంగా చదవలేని కాగితం మీద సంతకం పెట్టకూడదని ఆ రోజే నిశ్చయించుకున్నాను. ఆ నిశ్చయం న్యాయమైందే. ఇప్పటికీ అదే అంటాను. అదే మా అక్కను అందరి ముందూ నిలబెడుతుందని అనుకోలేదు.

కొన్నాళ్లకు ఎదుటివాళ్ల జవాబు దావా వచ్చింది. అదీ ఇంగ్లీషే. గుమాస్తా పెద్దవాడు, మంచివాడు. ఆఫీసు అరుగు మీద కూర్చుని పేరా పేరా చెప్పుకుంటూ వస్తున్నాడు. ఏడో పేరా దగ్గర ఆయన వేలు ఒక వాక్యం మీద ఆగకుండా కిందికి జారింది. ఆ వాక్యంలో సిస్టర్ అనే మాట ఉంది. ఆ మాత్రం నాకు తెలుసు.

"ఒక ముక్క దాటేసినట్టున్నారు," అన్నాను.

"అదేం లేదులే అబ్బయా. కేసుకు సంబంధం లేని మాట."

"సంబంధం లేకపోతే ఎందుకు రాసినారు?"

"రాస్తారు. ఆ పక్క కక్షిదారుకు కడుపు నిండాల గదా. నాలుగు తిట్లు లేకపోతే తన వకీలుకు దమ్ము లేదనుకుంటాడు."

నేను వేలు ఆ వాక్యం మీదే పెట్టి కూర్చున్నాను. ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, చెప్పాడు. కాపురం వదులుకుని వచ్చిన మనిషి చీకట్లో గట్ల మీద తిరిగేది నీళ్ల కోసం కాదని దాని సారాంశం. దాన్ని వాళ్లు ఇంకా ముతకగా రాశారు. నేను చెప్పులు వేసుకోవడం మరిచిపోయి రోడ్డు మీదికి వచ్చాను. ఎండలో కాళ్లు కాలి మళ్లీ వెనక్కి వెళ్లి చెప్పుల కోసం వెతుక్కోవలసి వచ్చింది. ఆ పని చేస్తున్నప్పుడు గుమాస్తా నా ముఖం చూడకుండా కాగితాలు సర్దుకున్నాడు.

వకీలు గారి దగ్గరికి వెళ్లాను. ఆయనా ఎదుటి వకీలూ బార్ వరండాలో ఒకే ఫ్లాస్కులోని కాఫీ పంచుకుని తాగుతున్నారు. ఆయన ఒక్కరే అయ్యేదాకా స్తంభం పక్కన నిలబడ్డాను.

"వదిలెయ్యవయ్యా," అన్నారు. "ఇంగ్లీషులో పడి ఉంది. ఎవరు చదువుతారు? జడ్జీలు ఇలాంటివి రోజూ చూస్తారు, పట్టించుకోరు."

"మా అక్క బోనెక్కాల. ఆ మాట కోర్టు కాగితంలో ఉండగా నేను ఎక్కించను. ఆమె ఎక్కకపోతే దావా లేదు."

"సరే. దావాకు అక్కర్లేని మాట, పరువు తీసే మాట అయితే కొట్టెయ్యమని అడగొచ్చు. చట్టంలో ఉంది. పిటిషను వేద్దాం."

"తెలుగులో రాయండి."

"తెలుగులోనా? ఎందుకయ్యా?"

"నేను చదవలేని దాని మీద సంతకం పెట్టను. తూర్పు పడమర సంగతి నేను మరిచిపోలేదు."

ఆయనకు కోపం వచ్చింది. "నీ ఇష్టం," అన్నారు. ఆ రెండు మాటల వెనక తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది నాకు. ఇంగ్లీషులో ఉంటే అది నిద్రపోతూ ఉంటుందయ్యా అని ఒక్క మాట ఆయన విడమరిచి చెప్పి ఉంటే, నేను ఆగేవాణ్ణేమో. చెప్పలేదు. అలిగిన వకీలు, అలిగిన కక్షిదారు కలిసి ఆ పిటిషను తయారు చేశాం.

గుమాస్తా గుండ్రటి అక్షరాలతో రాశాడు. ఒక్కచోట కొట్టివేత లేదు. చదువుకున్నాను. ఎదుటివాళ్ల వాక్యం మొదట్లో, ఏం జరిగిందో చెప్పేటప్పుడు, మొత్తం తెలుగు చేసి దింపారు. మధ్యలో అది ఎంత దారుణమో చెప్పడానికి మళ్లీ దింపారు. చివర కోర్టు వారిని కోరేచోట, దేన్ని కొట్టివెయ్యాలో తెలియాలని ఇంకోసారి. తెలుగు అక్షరాల్లో అక్క వరస పక్కన ఆ మాట చూసేసరికి నా చెవులు వేడెక్కాయి. డాక్టరుకు పుండు చూపించాలి గదా అని సరిపెట్టుకుని సంతకం పెట్టాను.

వాయిదా రోజు చిన్నాయన ఊళ్లోవాళ్లను పెళ్లికి తీసుకొచ్చినట్టు తీసుకొచ్చాడు. వెనక బెంచీల నిండా వాళ్లే. నన్ను చూసి ఒకరు "బాగుండావా అన్నా" అని పలకరించారు కూడా.

జడ్జి గారు పిటిషను తిరగేసి, "తెలుగులో ఉందే!" అన్నారు. సంతోషంగానే అన్నారు. "చదవండి."

కోర్టు గుమాస్తాది హరికథ చెప్పే గొంతు. మామూలుగా ఇంగ్లీషు పిటిషన్లు చదివేటప్పుడు ఆ గొంతు ఆయన మీసాల్లోనే ఉండిపోయేది. ఆ రోజు తెలుగు దొరికింది. వాక్యం మొదటిసారి వచ్చినప్పుడు వెనక బెంచీల్లో మాటలు ఆగిపోయాయి. రెండోసారికి ఎవరో దగ్గారు. మూడోసారికి ఒక కుర్రవాడి గొంతు, గుసగుస అనుకుని పైకే, చిన్నాయనతో, "ఏంది మావా, ఇంగ్లీషులో ఇంత రాయించినావా!" అంది. బెంచీలన్నీ నవ్వాయి. బంట్రోతు "సైలెన్స్" అన్నాడు.

నేను నేల వైపు చూస్తున్నాను. ఆ గచ్చులో ఒక పగులు ఉండేది. దాన్ని ఇప్పుడు గీసి చూపించమన్నా చూపించగలను. ఒక్కసారి తల ఎత్తి చిన్నాయన వైపు చూశాను. ఆయనా తల దించుకునే ఉన్నాడు. వకీలుకు ఏదో కసిగా చెప్పి ఉంటాడు, అది కాగితం మీద ఎలా తేలిందో ఆయన కూడా ఆ రోజే విన్నాడు. అది చూసి నాకు తృప్తి కలగలేదు. తృప్తి కోసం నాలో వెతుక్కోవడం మటుకు వెతుక్కున్నాను.

జడ్జి గారు ఎదుటి వకీలును అడిగారు.

"ఈ వాక్యం తీసేస్తే మీ వాదనలో ఏం తగ్గుతుంది?"

"ఆమె వాది తరఫు సాక్షి అండి..."

"సాక్షి తమ్ముడి వైపు మాట్లాడుతుందంటే అది బోనులో అడగండి. ఈ వాక్యంలో కాలువ ఎక్కడుంది?"

"లేదండి."

"మరి ఎందుకు రాశారు?"

"కక్షిదారు చెప్పాడండి."

"కక్షిదారు చాలా చెప్తాడు. రాసేది మీరు. సంతకం మీది."

తర్వాత మా వకీలు గారి వైపు తిరిగారు. "మీరు మాత్రం దీన్ని మూడుచోట్ల ఎందుకు దింపారు? ఏడో పేరాలో రెండో వాక్యం అంటే నేను చదువుకోలేనా?"

మా వకీలు గారు చెయ్యెత్తి నన్ను చూపించారు. "తెలుగులో రాయమని వాది పట్టుబట్టాడండి."

నేను పట్టుబట్టింది తెలుగు కోసం. మూడుసార్ల కోసం కాదు. ఆ మాట లేచి చెప్పాలనుకున్నాను, లేవలేదు. అప్పటినుంచి వినేవాళ్లందరికీ చెబుతూనే ఉన్నాను.

ఉత్తర్వు అక్కడికక్కడే చెప్పారు. జవాబు దావా ఏడో పేరాలో రెండో వాక్యం ఈ వివాదానికి అవసరం లేనిది, పరువుకు భంగకరమైనది, కొట్టివేయడమైనది. అంతే. ఆ ఉత్తర్వు ఎవరు చదివినా అందులో మా అక్క లేదు. ఇంత చిన్నగా, ఇంత శుభ్రంగా రాయవచ్చని నాకు అప్పుడు తెలిసింది. తెలిసేసరికి ఊరు మొత్తం విని కూర్చుని ఉంది. కోర్టు గుమాస్తా ఎర్ర సిరాతో గీత కొట్టాడు. నా పిటిషను మీద మాత్రం ఎవరూ ఏ గీతా కొట్టలేదు. అది గుండ్రటి అక్షరాలతో అలాగే కోర్టు కట్టలోకి వెళ్లిపోయింది.

బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి నాకంటే ముందే కబురు వచ్చింది. అక్క వాకిట్లో విత్తనపు వడ్లు చెరుగుతోంది. చేట ఆపలేదు.

"కొట్టేసినారంట గదా," అంది.

"కొట్టేసినారక్కా. ఎర్ర సిరాతో."

"వాడు రాయించింది కొట్టేసినారు. నువ్వు రాయించింది?"

నేను వంగి చెప్పులు విడిచాను.

"వాడు ఇంగ్లీషులో రాయించినాడు. మన ఊళ్లో ఎవురికి వస్తాది ఇంగ్లీషు? తెలుగులోకి తెచ్చింది నువ్వు గదరా."

"మా వకీలు, ఒకసారి చాలదన్నట్టు మూడుసార్లు..."

"వకీలును ఎందుకు తిడతావు? నీ చేత్తోనే గదా సంతకం పెట్టినావు?" పొట్టు నా కాళ్ల మీద పడేలా చేట విసిరింది. కావాలనే విసిరిందని నాకు తెలుసు. "సాక్ష్యం వాయిదా ఎప్పుడు?"

"నువ్వు రావాల్సిన పన్లేదక్కా. కాలువ పోతే పోనీ."

"మట్టి ఎయ్యడం చూసింది నేను. చూసింది చెప్తాను. నీ పరువు కోసరం కాదు, నా నారు కోసరం."

వచ్చింది. బస్సులో నా పక్కన కాకుండా ముందు, ఆడవాళ్ల సీట్లో కూర్చుంది. బోనెక్కి కొంగు భుజం మీదుగా కప్పుకుని, మట్టి ఎక్కడ వేశాడో, పార ఏ చేతిలో ఉందో చెప్పింది. ఎదుటి వకీలు లేచాడు.

"అంత చీకట్లో మీకు అక్కడ ఏం పని?"

జడ్జి గారు కలం పైకెత్తి వకీలు వైపు చూశారు. అక్క అంతకన్నా ముందే జవాబు చెప్పింది.

"మా వంతు అప్పుడేనయ్యా. పగలు వచ్చేటట్టు నువ్వు చేయించు, పగలే పోతాను."

వెనక బెంచీలు నవ్వాయి. ఈసారి నవ్వు మా మీద కాదు, ఆ వకీలు మీద. వకీలు ఇంకేం అడగకుండా కూర్చున్నాడు.

దావా గెలిచాం. కబురు చెప్పడానికి వెళ్తే మా వకీలు గారు తన చేత్తో ఉత్తరీయం తీసి, "కూర్చోవయ్యా" అన్నారు. కూర్చోలేదు. నిలబడే నమస్కారం పెట్టి వచ్చేశాను. అది పొగరని ఆయన అనుకుని ఉంటారు. ఆయన కుర్చీలో కూర్చునే ముఖం నాకు లేదని నాకు మాత్రమే తెలుసు.

నీళ్లు వంతు ప్రకారం రావడం మొదలైంది. అక్క మళ్లీ ఎప్పుడూ ఆ గట్టు మీదికి వెళ్లలేదు. పగటిపూట కలుపుకూ కోతకూ వచ్చేది గానీ, వంతుకు రాలేదు. ఒకసారి అడిగాను.

"నువ్వు పో. నీకు కామెర్లు తగ్గినాయి గదా," అంది.

వంతు రోజు ముందు సాయంత్రం లాంతరు చిమ్నీ ముగ్గుతో తోమి, కిరసనాయిలు పోసి, గడప పక్కన పెట్టి లోపలికి పోయేది. నేను లేచి దాన్ని వెలిగించుకుని వెళ్లేవాణ్ణి. గట్టు మీద ఎదురైన ఆసాములు లాంతరు చూసి ముందు ఒక్క క్షణం ఆగేవాళ్లు. ఆ తర్వాత నా ముఖం గుర్తుపట్టి, "ఓ, నువ్వా అన్నా," అనేవాళ్లు. ఆ ఒక్క క్షణం వాళ్లు ఎవరనుకుని ఆగేవాళ్లో నేను ఏనాడూ అడగలేదు.