చెమ్మ ఒకచోట, చిల్లు ఇంకోచోట

సముద్రం కారుతున్నా సరే, గోడకు చెవి ఆనించి చిల్లు ఎక్కడుందో చెప్పేయగలడు మా తాత. సముద్రానికి ఇంతవరకు ఎవరూ గోడ కట్టలేదు కాబట్టి ఆ పేరు రాలేదు, అంతే.

నలభై ఏళ్లు పైపులు బిగించాడు. సిమెంటు పూసేముందు గోడలోని పైపులకు ఫొటో తీసి దాచుకోవడం ఆయన అలవాటు. అచ్చు వేయించినవి చెదలపాలయ్యాయి. మిగిలినవన్నీ ఆన్‌లైన్ ఖాతాలోనే ఉన్నాయి.

ఆ పొద్దున కాన్పుల ఆసుపత్రి నర్సు ఫోన్ చేసింది.

"గోడంతా చెమ్మెక్కింది తాతగారూ. మెయిన్ వాల్వు కట్టేశాం. కాన్పు గదిలో చుక్క నీరు లేదు, లోపల ఇద్దరు నొప్పులు పడుతున్నారు. మేస్త్రి సుత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఎక్కడ కొట్టమంటారు?"

తాతే పైపులు వేసిన ఆ గోడలో, పైపు పక్కనే కరెంటు తీగ ఉంది. ఏ పక్కనో తాతకు గుర్తు రాలేదు. "ఆగమను!" అని కంప్యూటర్ ముందు కూలబడ్డాడు. ఇది రాస్తున్న మనవరాలు, అంటే పదో తరగతి రెండుసార్లు తప్పిన పండితురాలు, పక్కన చేరింది.

పాస్‌వర్డు కొట్టగానే ఎర్రగుర్తు వచ్చింది: 'ఈ పాస్‌వర్డు లీకైనవాటిలో ఉంది. వెంటనే మార్చుకోండి.'

"లీకా? నా దగ్గరా?" తాత మొహం మాడిపోయింది. ఫొటోలు పోతే ఇక ఊళ్లో ప్రతి గోడా ఆయనకు గుడ్డిగోడే. వేలు ఆ గుర్తు మీదికి పోయింది.

మనవరాలు చెయ్యి పట్టుకుంది. "నొక్కకు! దొంగ హెచ్చరికలూ ఉంటాయి. మనమే సెట్టింగుల్లోకి వెళ్లి చూద్దాం."

అక్కడా అదే మాట ఉంది. కానీ ఖాతాలోకి కొత్తవాళ్లెవరూ వచ్చిన జాడ లేదు.

"తాతగారూ, ఉన్నారా?" ఫోన్‌లో నర్సు గొంతు పెరిగింది.

"ఈ పాస్‌వర్డు ఇంకెక్కడ వాడావు తాతా?"

"అన్నిచోట్లా. పైపుల షాపు సైటులో కూడా." అంటూనే తాత ఆగిపోయాడు. తమ దగ్గర వివరాలు దొంగలపాలయ్యాయని పోయిన నెల ఆ షాపువాళ్లు ఈమెయిల్ పంపారు. ప్రకటన అనుకుని చెరిపేశాడు. "కారింది అక్కడ, చెమ్మ తేలింది ఇక్కడ. అన్ని కొళాయిలకూ ఒకే పైపు వేసిన వెధవను నేనే! ముందు ఇక్కడిది మార్చేద్దాం. మిగతావి ఒక్కోదానికి ఒక్కోటి, సాయంత్రంలోగా."

తాతే కొత్తది కొట్టాడు, మనవరాలిని అటు తిరగమని. ఫొటో తెరుచుకుంది.

"నర్సమ్మా! కుడివైపు, మోకాలెత్తులో పైపు అతుకుంది, అక్కడ కొట్టమను. ఎడమపక్క తీగుంది, జాగ్రత్త!"

ఫోన్‌లో సుత్తి దెబ్బలు వినిపించాయి. ఒకటి, రెండు, మూడు.

"దొరికింది తాతగారూ!"

అప్పటికైనా మనవరాలి నోరు ఊరుకోలేదు. తాత కొడుతున్నప్పుడే పాత పాస్‌వర్డు నానమ్మ ముద్దుపేరని చూసేసింది మరి. "దొంగల చేతిలో బంగారుపిచ్చుక పడిందా తాతా? ఇదంతా రాసేస్తా. ఆ కొత్తది కూడా చెప్పు, కథ రక్తి కడుతుంది."

"ఈ ఇంట్లో పెద్ద లీకువి నువ్వే. అవతలికి పో!"