మెరూన్ తువ్వాళ్ళు

కొత్త బట్టను బకెట్టు నీళ్ళలో ముంచగానే లేచే గంజి వాసనకు ఇప్పటికీ నా చేతులు ఒక్క క్షణం ఆగిపోతాయి. రాంగోపాల్‌పేట్‌లోని ఈ కుట్టు దుకాణం ఒకప్పుడు యాదగిరి మాస్టరుది. భర్త వదిలేశాక, కత్తెర పట్టడం కూడా రాని నాకు పని నేర్పింది ఆయనే. పొగడటం ఆయనకు చేతకాదు. కుట్టు వంకరపోతే "విప్పు" అనేవారు, బాగుంటే ఇంకో బట్ట ముందుకు తోసేవారు. పెళ్ళి చేసుకోలేదు. దుకాణం వెనక గదే ఆయనకు ఇల్లు.

ఆయనకు గొంతు క్యాన్సర్ వచ్చింది. రేడియేషన్ అయ్యాక కూడా మెడ మీద పుండు మానలేదు. ఇంటికొచ్చి కట్టు మార్చే నర్సు ఒకరోజు నన్ను బయటికి పిలిచింది.

"గడ్డ పెద్ద రక్తనాళం దాకా వచ్చిందక్కా. పగిలితే ఆస్పత్రికి తీస్కపోయే టైం సుత ఉండదు, రెండు నిమిషాలే. ముదురు రంగు తువ్వాళ్ళు దగ్గర పెట్టుకోండి, ఎర్రగ కనబడితే ఆయన భయపడ్తరు. మీరు ఉరకొద్దు. చెయ్యి పట్టుకొని కూసోండి."

మోండా మార్కెట్‌లో మెరూన్ బట్ట కొని, ఆయన కంటపడకుండా అంచులు కుట్టాను. దర్జీ దగ్గర కుట్టు దాచాలనుకున్నాను చూడండి, నా తెలివి! మర్నాడే ఆయన ఒకటి తీసి వేళ్ళతో నలిపారు.

"కొత్త బట్ట నీళ్ళే పీల్వదు, నెత్తురేం పీలుస్తది? రెండుసార్లు ఉతుకు బిడ్డా."

కొయ్యకముందు బట్ట తడపాలని నాకు మొదటిరోజే నేర్పిన మనిషి. సిగ్గుపడుతూ తువ్వాళ్ళన్నీ తెచ్చి బకెట్టు నీళ్ళలో ముంచాను.

"నర్సమ్మను నేనే అడిగిన," అన్నారు బొంగురు గొంతుతో. "సావుకు భయం లేదు. ఆ టైంల ఒక్కన్నే ఉంటనేమోనని పరేషాన్. నువ్వు ఈడనే ఉండు, చాలు."

"యాడికి పోత మాస్టర్? ఈడనే ఉంట," అన్నాను.

మిషను ఆయన మంచం పక్కకు జరుపుకున్నాను. వారం తర్వాత, పొద్దున పదకొండింటికి జాకెట్టుకు చేతులు అతుకుతుంటే ఆయన మెడ కట్టు తడిసింది. ఉతికిన తువ్వాలు అదిమాను. అది మెత్తగా పీల్చుకుంది, ఎరుపు కనబడలేదు. అంతవరకు అన్నీ సరిగానే చేశాను. ఆ తర్వాత లేచి పరుగెత్తాను. ఎవరు వచ్చినా చేసేదేమీ లేదని తెలిసి కూడా గడియ తీసి, "ఎవరన్న రాండి!" అని వీధిలోకి అరిచాను. వెనక్కి తిరిగేసరికి ఆయన చెయ్యి నేను కూర్చున్న చోట తడుముతోంది. వెళ్ళి పట్టుకున్నాను. "ఈడనే ఉన్న మాస్టర్," అన్నాను. విన్నారో లేదో తెలియదు.

సొంత కూతురిలా కడదాకా ఉన్నానని ఈ వీధిలో నన్ను మెచ్చుకుంటారు. నేను తలవంచుకుని పని చేసుకుంటాను. ఆయనకు మిగిలిందే రెండు నిమిషాలు. అందులో ఎంతసేపు ఒంటరిగా ఉన్నారో నాకొక్కదానికే తెలుసు.