కనబడని అతిథి కూర తినేశాను

హేతువాదిగా నేను నూరు చర్చలు గెలిచాను. ఓడింది ఒక్కటే, అదీ కోడికూర చేతిలో. ఆ పరాభవం చెబుతాను. నవ్వడానికి నాస్తికులకూ అనుమతి ఉంది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. వాదన వాసన తగిలితే చాలు, చాయ్ గ్లాసు మీద ఈగలా వాలిపోయేవాణ్ణి. ఓ ఆదివారం మా ఆఫీసు స్నేహితుడు జాన్, దబీర్‌పురాలోని తన ఇంటికి భోజనానికి పిలిచాడు. మనుషులం ముగ్గురం: జాన్, వాళ్లమ్మ సుగుణమ్మ, నేను. బగారన్నం, కోడికూర వడ్డించిన పళ్లాలు మాత్రం నాలుగు.

నా పళ్లెం ఖాళీ చేశాక అడిగాను. "ఆ నాలుగోది ఎవరిది?"

"యేసయ్యది, అన్నా," అన్నాడు జాన్.

"ఎప్పుడన్నా తిన్నడా?"

"రోజూ ఖాళీ అయితది."

"పిల్లి తినుంటది."

"పిల్లి పళ్లెం కడిగి పెడతదా? అసలు సంగతేందంటే..."

"సంగతులొద్దు, సాక్ష్యం గావాలె. ఇది నేను తింట. ఉంటే ఆయననే ఆపమను."

"అన్నా, నీ కాళ్లు మొక్కుత, ఒక్క మాట విను."

వినడమా? నేనా? మొదటి ముద్ద తిన్నాను. ఎవరూ ఆపలేదు. రెండో ముద్దకు పిడుగు పడలేదు. లెగ్‌పీస్ దాకా వచ్చేసరికి విశ్వమంతా నా పక్షాన ఉంది. కంచె చేను మేసిందంటారు. నేను సాక్ష్యాన్నే మేశాను.

సుగుణమ్మ వంటింట్లోంచి పచ్చిపులుసు తెచ్చి, పళ్లెంలోని ఎముకలు చూసి ఆగిపోయింది. అప్పుడే తలుపు చప్పుడైంది. నా గుండె కూడా చప్పుడు చేసింది, హేతుబద్ధంగానే.

లోపలికి వచ్చింది ఓ ముసలాయన. జాన్ నా చెవిలో గొణిగాడు. "కాజా భాయ్. లాడ్ బజార్ల గాజుల పెట్టెలు మోస్తడు. దినాం ఇదొక్కపూటనే తింటడు, యేసయ్య పేర్న పెట్టే ఆ పళ్లెంలనే."

"ముందుగాల చెప్పొద్దా?"

"నువ్వు చెప్పనిస్తివా?"

కూరగిన్నె అప్పటికే ఖాళీ. కాజా భాయ్ చేతులు కడుక్కుని కూర్చున్నాడు. ఎముకలు చూశాడు, నన్ను చూశాడు.

"అమ్మా, ఇయ్యాల ఆయననే ఖుద్దుగ వచ్చి తిన్నడా ఏంది?"

సుగుణమ్మ ఇంకా ముట్టని తన పళ్లెం ఆయన ముందుకు జరిపింది. "వచ్చిండు భాయ్. మస్తు ఆకలితోని వచ్చిండు, మస్తు లొల్లి చేసిండు. నువ్వు నాది తిను." తర్వాత నావైపు తిరిగింది. "బిడ్డా, నల్లా బయటుంది. ఆ పళ్లెంల తిన్నోళ్లే కడిగి పెడతరు."

కడిగాను. గల్లీ చివరి హోటల్‌కు పరుగెత్తి ఆమెకు భోజనం కూడా తెచ్చాను. ఆమె తినేదాకా పక్కన నిలబడి పచ్చిపులుసు వడ్డించాను. జాన్ లెక్క ప్రకారం నా జీవితంలో వాదించకుండా చేసిన మొదటి పని అదే.

దేవుడున్నాడా అంటే నేటికీ వాదిస్తాను. ఆ ఇంట్లో ఆయన పళ్లెం ఉందని మాత్రం వాదన లేకుండా ఒప్పుకుంటాను. కనుక పాఠకుల సమక్షంలో, తినేసిన ఆ లెగ్‌పీస్ సాక్షిగా, ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఎంతటి చర్చలోనైనా సాక్ష్యాన్ని చూస్తాను, అవసరమైతే వాసన చూస్తాను. తినను.