చెలికత్తె పేరు

నాటకశాల వెనక ఎనిమిది మెట్లు దిగితే పొడవాటి గది ఒకటి వస్తుంది. పాత నాటకాల దుస్తులన్నీ అక్కడే ఇనుప కడ్డీలకు వేలాడుతుంటాయి. ఆ గదిలో ఇరవై తొమ్మిదేళ్లుగా కుట్టుమిషను తొక్కుతున్న ఆమెను అందరూ కుట్టక్క అనే పిలుస్తారు.

పనిలో చేరిన రోజున ఆమెకు సూది తెలుసు, కత్తెర తెలుసు, అక్షరం ముక్క మాత్రం తెలియదు. ప్రతి అంగీ మెడపట్టీకి పాత్ర పేరు రాసిన గుడ్డ చీటీ కుట్టి ఉంటుంది. తనకు చదవడం రాదని చెబితే పని పోతుందన్న భయంతో రంగును బట్టీ, బరువును బట్టీ గుర్తుపెట్టుకుని నెట్టుకొచ్చింది. వారం తిరక్కుండానే కొంప మునిగింది. బక్కపలచని మంత్రిగారి అంగీ వెళ్లి, కొండంత సేనాపతి ఒంటి మీదికెక్కింది. యుద్ధానికి వెళ్లే ముందు ఆయన ఆవేశంగా కత్తి పైకెత్తేసరికి చంక కింద పర్రుమంది. విషాద నాటకమన్న సంగతి మరిచి జనం పడీపడీ నవ్వారు.

మేనేజరు మెట్లు దిగి వచ్చి చిందులు తొక్కాడు. ఆమె తల వంచుకుని సంచి సర్దుకోబోతుంటే, తెర పక్కన నిలబడి నటులకు మాటలు అందించే ప్రాంప్టరు మాస్టారు అడ్డు వచ్చాడు.

"ఆ అమ్మాయిని అంటావేంటయ్యా? తొందరలో అంగీలు అందించింది నేను. తప్పు నాది."

అది పచ్చి అబద్ధం. మేనేజరు గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. మాస్టారు మంత్రిగారి మెడపట్టీ తిప్పి చూపించి, "ఇదేమిటో చెప్పు" అన్నాడు. ఆమె చీటీని వదిలేసి గుడ్డ రంగు వంక చూసింది. "సరే, రేపట్నుంచి రిహార్సలుకి గంట ముందు రా" అన్నాడంతే.

పలకా లేదు, పుస్తకమూ లేదు. చీటీలే పాఠాలు. రాజుతో మొదలుపెట్టి విదూషకుడి దగ్గర గుణింతాలు, మంత్రి దగ్గర ఒత్తులు. రెండు నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం, ఎవరూ లేనప్పుడు, కడ్డీ చివరన వేలాడుతున్న నీలం పావడా చీటీని ఆమె తనంతట తానే కూడబలుక్కుంది. మూడక్షరాలు. నడిమి అక్షరానికి దీర్ఘం. చెలికత్తె పేరు. గదంతా వినబడేలా మళ్లీ చదివింది.

ఈ సంగతి ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కొడుక్కి అక్షరాలు దిద్దించింది కూడా తనే కాబట్టి, వాడు అమ్మకు చిన్నప్పటినుంచీ చదువొచ్చనే అనుకున్నాడు.

ఈ మధ్యనే కోడలికి ఆడపిల్ల పుట్టింది. పదో రోజున పిల్లకు పాలిస్తూ కోడలు అడిగింది.

"అత్తయ్యా, మీ నాటకాల్లోంచే ఓ మంచి పేరు చెప్పండి. వీధిలో ఇంకెవరికీ ఉండకూడదు."

కొడుకు ఠక్కున రాణి పేరు అందుకున్నాడు.

"వద్దురా. నాలుగో అంకంలో విషం తాగుతుంది. ఆ మరకలు వదిలించలేక నా చేతులు పడిపోయాయి."

"పోనీ, యువరాణి?"

"ఐదంకాలూ ఏడుపే."

"సేనాపతి కూతురు?"

"కన్నతండ్రినే శత్రువులకి పట్టిచ్చింది."

మంచం పక్కన పిల్ల బట్టలు మడతపెడుతున్న వియ్యపురాలు ఇక ఉండబట్టలేకపోయింది. "పిల్లకి పేరు పెట్టమంటే పోస్టుమార్టం చేస్తున్నారేంటి వదినా!"

అందరూ నవ్వారు. ఆ నవ్వు సద్దుమణిగాక కుట్టక్క మెల్లగా ఆ మూడక్షరాల పేరు చెప్పింది. అది ఎవరి పేరో కూడా చెప్పింది.

"చెలికత్తె పేరా అమ్మా?" కొడుకు మొహం చిన్నబుచ్చుకున్నాడు. "ఆ అమ్మాయి ఏం చేస్తుంది నాటకంలో?"

"దీపం తెస్తుంది. తలుపు తీస్తుంది."

ఇక దాచి లాభం లేదనిపించింది. చిరిగిన అంగీ దగ్గర మొదలుపెట్టి నీలం పావడా దాకా అంతా చెప్పేసింది. చెబుతున్నంతసేపూ ఆమె చూపు నేల మీదే ఉంది. తలెత్తేసరికి కొడుకు కళ్లు తుడుచుకుంటున్నాడు. "ఇన్నేళ్లూ ఒక్క మాటైనా చెప్పలేదేమమ్మా?" అన్నాడు. కోడలు మాత్రం పిల్ల చెవి దగ్గర వంగి ఆ పేరుతో రెండుసార్లు పిలిచి చూసుకుని, "నోటికి బాగా పలుకుతోంది అత్తయ్యా. ఇదే ఖాయం" అంది.

మర్నాడే కుట్టక్క మాస్టారి దగ్గరికి వెళ్లింది. ఆయనిప్పుడు మేనకోడలింట్లో, మేడమీది గదిలో ఉంటున్నాడు. చెవులు సరిగా పనిచేయడం లేదు. దగ్గరగా కూర్చుని, గొంతు పెంచి విషయమంతా చెప్పింది. పేరు చెవిన పడగానే ఆయన బోసినోరంతా తెరిచి నవ్వాడు.

"మాస్టారూ, ఆ రోజు నాకోసం అబద్ధమెందుకు చెప్పారు? నేనెవరో కూడా మీకు తెలియదుగా."

"నీ కుట్టు తెలుసుగా. చంక కింద చిరిగింది గుడ్డేనమ్మా. నువ్వేసిన కుట్టు ఒక్కటీ ఊడలేదు. అలాంటి చేతిని బయటికి పంపేస్తామా?"

ఇన్నేళ్లలో ఆయనకు దండం పెట్టాలని ఎన్నోసార్లు అనుకుని సిగ్గుపడి ఊరుకుంది. ఇప్పుడు ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. "నా పొట్ట నింపారు, నా బిడ్డకి చదువిచ్చారు" అంది. "ఊరుకో, ఊరుకో" అంటూనే ఆయన చేతులు వెనక్కి తీసుకోలేదు.

సోమవారం తల్లీకొడుకులు జనన నమోదు కార్యాలయానికి వెళ్లారు. కొడుకు కాగితం నింపి గుమాస్తాకు ఇవ్వబోతుంటే ఆమె మధ్యలోనే అందుకుని చూసింది.

"దీర్ఘం ఏదిరా?"

"అయ్యో! తొందరలో..."

"తొందరేముంది? నీ కూతురు బతుకంతా రాసుకోవాల్సిన పేరు."

గుమాస్తా విసుక్కుంటూనే ఇంకో కాగితం ఇచ్చాడు. ఈసారి ఆమే కూర్చుని, పెన్ను గట్టిగా పట్టుకుని, నిదానంగా రాసింది. ముద్ర పడ్డాక గుమాస్తాకు ఒకటికి రెండుసార్లు చల్లగా ఉండమని దీవించి, పిల్ల లేచే వేళైందని కొడుకును తొందరపెడుతూ ఇంటిదారి పట్టింది.