ముందు ఎడమ చక్రం

పన్నెండేళ్లుగా ఒక మాట నా గొంతుకు అడ్డం పడి ఉంది. అలాగని తిండి మానలేదు, నవ్వడం మానలేదు. అబద్ధమెందుకు, నా బతుకు బాగానే ఉంది. మార్కాపురంలో టైర్ల దుకాణం నాది. అల్లాయ్ చక్రంలో గాలి మెల్లగా దిగిపోతోందంటే గిద్దలూరు నుంచీ కనిగిరి నుంచీ వెతుక్కుంటూ నా దగ్గరికే వస్తారు. ఆ పనిలో నా చేతికి తిరుగులేదంటారు. విన్నప్పుడల్లా లోపల పొంగిపోతాను. వెంటనే సుబ్బయ్య మామ గుర్తొస్తాడు. ఆ పని నేను నేర్చుకున్నది ఆయన పరువు తీసి.

మీరెవరో నాకు తెలియదు. అదే మేలు. తెలిసినవాళ్లయితే సగం చెప్పి, మిగతా సగం టీతో పాటు మింగేసేవాణ్ణి.

మా పక్క వీధిలో ఒక సారు ఉండేవారు. పదో తరగతిలో నాకు లెక్కలు చెప్పారు. ఆయనకూ, ఊరి వరసకు నేను మామా అని పిలిచే సుబ్బయ్యకూ ఒకే గోడ. మామకు రెండు గేదెలు. గేదె ఈనితే జున్నుపాలు ముందు సారు ఇంటికి వెళ్లేవి, తర్వాతే చుట్టాలకు. మామ మనవరాలు సారు దగ్గరే ఎక్కాలు నేర్చుకుంది. సారు చెన్నై నుంచి పాత కారు ఒకటి తెచ్చుకున్నారు. దానికి ఇనుప రిమ్ములు కావు, అల్యూమినియంతో పోసిన అల్లాయ్ చక్రాలు. మా వీధుల్లో అలాంటివి అప్పటికి కొత్త. నేను రిమ్ములు వంగితే సుత్తితో కొట్టి సరిచేసే కాలం వాణ్ణి. ఆ మెరుపు చూసి మురిసిపోయాను తప్ప, దాని రోగాలేమిటో నాకు తెలియవు.

ముందు ఎడమ చక్రంలో మూడు రోజులకోసారి గాలి దిగిపోయేది. సారు తెచ్చారు. చక్రం ఊడదీసి నీళ్ల తొట్టిలో ముంచాను. మేకు దిగే చోటంతా చూశాను, వాల్వు చూశాను. బుడగ రాలేదు. రెండు నిమిషాలు చూసి ఉంటానా? అంతకంటే ఎక్కువ కాదు. అలాంటి చక్రాన్ని నీళ్లలో పెట్టి, టీ తాగి వచ్చి చూడాలని ఇప్పుడు తెలుసు. ఒక్కో బుడగ అంత తీరిగ్గా వస్తుంది. అప్పుడు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం అంతకన్నా తెలియదు. నాకు లెక్కలు చెప్పిన మనిషి ఎదురుగా నిలబడి ఉంటే, "నాకు అంతు చిక్కలేదు సార్" అని ఎలా అంటాను?

"టైరులో ఏం లేదు సార్. మీ వీధిలో ఎవరన్నా గాలి తీస్తన్నారేమో చూసుకోండి" అన్నాను.

అంతే. అన్నది ఆ ఒక్క ముక్కే. సారు కారు నిలిపేది మామ గోడ పక్కన. ఎడమ చక్రం గోడ వైపు ఉంటుంది. కారుకు అడ్డంగా గేదెను కట్టేయొద్దని అంతకు వారం ముందే ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. ఇక లెక్క కుదిరిపోయింది. సారు ఎంతైనా లెక్కల మనిషి.

రెండో రోజు సారు మామను నిలదీశారు, వీధిలో రచ్చ. మామ ఆంజనేయస్వామి గుడి ముందు కర్పూరం వెలిగించి, తాను గాలి తీయలేదని అందరి ముందూ ఆర్పి ప్రమాణం చేశాడు. మా వైపు మనిషి ఆ పనికి దిగాడంటే, ఇక అంతకు మించి చూపించడానికి తన దగ్గర ఏమీ లేదని అర్థం. జుమ్మా నమాజు నుంచి వస్తూ నేను దూరం నుంచి చూశాను. దగ్గరికి పోలేదు.

నాలుగు రోజులకు సారు మళ్లీ గాలి దిగిన చక్రంతో వచ్చారు. ఈసారి కారు నా దగ్గర వదిలి బడికి వెళ్లారు. ఏ బుద్ధి పుట్టిందో, టైరును రిమ్ము నుంచి విడదీశాను. టైరు అంచు కూర్చునే చోట చుట్టూ తెల్లటి పొడి. చెన్నై సముద్రపు గాలికి ఆ లోహం లోపలే చివికి, పొక్కులు లేచింది. గాలి ఆ పొక్కుల సందుల్లోంచి పోతోంది. వేలితో రుద్దితే రాలింది. వైరు బ్రష్షుతో గీకాను, ఎమరీ పేపరుతో నున్నగా రుద్దాను, గాలి పోకుండా సీలరు పూసి టైరు ఎక్కించాను. చాలా శ్రద్ధగా చేశాను. ఆ రోజు చేసినంత మంచి పని అంతకు ముందు చేయలేదు.

సాయంత్రం సారు వచ్చి, ఏముందని అడిగారు. "ఏం లేదు సార్, గాలి పట్టినాను" అన్నాను.

ఎందుకలా అన్నాను? భయమా? కొంత. రిమ్ములో లోపం ఉందంటే, మొన్న ఎందుకు చెప్పలేదని అడుగుతారు. మొన్న నాకు చేతకాలేదంటే, నా చేతకాని మాట వల్ల ఒక పెద్దమనిషి గుడి ముందు నిలబడాల్సి వచ్చిందని తేలుతుంది. నేను ఆ ముడి విప్పదలచుకోలేదు. నాలుగు రోజులు పోతే వాళ్లే కలిసిపోతారులే అనుకున్నాను.

కలవలేదు. నా మంచి పనే వాళ్లను కలవనివ్వలేదు. ఆ చక్రంలో మళ్లీ గాలి దిగలేదు కదా. "ప్రమాణం చేసినాక భయం పట్టుకుంది, తీయడం మానినాడు" అని సారు నమ్మారు, వీధి నమ్మింది. మామ నిజాయితీగా చేసిన ప్రమాణమే ఆయన నేరానికి సాక్ష్యమైంది. జున్నుపాలు ఆగిపోయాయి. మనవరాలి ఎక్కాలు పన్నెండో ఎక్కం దగ్గర ఆగిపోయాయి. మామ నా దుకాణానికి ఒక్కసారే వచ్చి అడిగాడు, "నా మీద నువ్వు చెప్పినావంట గదా" అని. "నీ పేరు నేను చెప్పలే మామా" అన్నాను. అది నిజమే. అంత సిగ్గుమాలిన నిజం నేను మళ్లీ ఎప్పుడూ పలకలేదు.

రెండేళ్ల కిందట సారు పోయారు. ఆ రోజు మామ సారు ఇంటి గేటు దాకా వచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నవాళ్లు లేరు. కాసేపు ఉండి వెళ్లిపోయాడు. నేను లోపలే, కుర్చీలు సర్దుతూ ఉన్నాను.

పోయిన నెల ఇక ఉండబట్టక మామ ఇంటికి వెళ్లాను. గేదెలకు తవుడు కలుపుతున్నాడు. నిలబడే చెప్పేశాను. రిమ్ము, తెల్లపొడి, నా అబద్ధం, అన్నీ. ఆయన చేతులు తవుడులోంచి తీయలేదు.

"నేను తీయలేదని నాకు తెల్దా అల్లుడా? నాకెందుకు చెప్తన్నావు? సారుకు చెప్పాల్సింది."

కోపం లేదు ఆ గొంతులో. క్షమించానని కూడా అనలేదు. అడిగే ముఖం నాకు లేదు. తవుడు బక్కెట్టు గేదె ముందు పెట్టి చేతులు కడుక్కున్నాడు. నేను వచ్చేశాను.

దుకాణం ఎప్పటిలాగే నడుస్తోంది. ఈ ఉదయం కూడా రెండు అల్లాయ్ చక్రాలు గీకి ఇచ్చాను. పని మీద నాకు ఇష్టం తగ్గలేదు, తగ్గాలని కూడా లేదు. చెప్పాల్సిన మనిషి మాత్రం లేరు. అందుకే ఈ కాగితం మీద రాస్తున్నాను. చదివే మీరు కాసేపు సారు స్థానంలో కూర్చోండి, చాలు.

సార్, ఆ రోజు నాకు చేతకాలేదు. సుబ్బయ్య మామ గాలి తీయలేదు.