మూడు పిలుపుల షౌకత్

గురజాల షౌకత్ గొంతు గురించి అబద్ధాలు కల్పించే పనిలేదు, నిజమే ఎవరూ నమ్మరు. ముప్ఫై నాలుగేళ్లు కోర్టు బంట్రోతుగా వరండాలో నిలబడి వాదినీ ప్రతివాదినీ పేరుపెట్టి మూడేసిసార్లు పిలిచాడు. ఆ కేకకు రోడ్డవతల టీ తాగుతున్నవాడు గ్లాసు వదిలేసి పరిగెత్తుకొచ్చేవాడు. రిటైరయ్యాక ఆ గొంతుకు పని లేకుండా పోయింది. ఇంట్లో మంచినీళ్లు అడిగినా వీధి మొత్తం ఉలిక్కిపడేది. “యా అల్లా, నేను వంటింట్లోనే ఉన్నా, మాచర్లలో లేను!” అని భార్య హజ్రా బీ నెత్తి కొట్టుకునేది.

ఇంతలో పక్కింటి కావ్య రాసిన సినిమా కథకు నరసరావుపేట ఫిల్మ్ ఫెస్టివల్లో మొదటి బహుమతి వచ్చింది. సినిమా ఇంకా తీయలేదు. నటులు స్టేజీ మీద కుర్చీలేసుకుని ఆ స్క్రిప్టునే జనానికి చదివి వినిపిస్తారట. నచ్చితే తీస్తానని శ్రీహరి అనే నిర్మాత హైదరాబాదు నుంచి వస్తున్నాడు. తీరా ఆ రోజుకు, మాటల మధ్య పాత్రల పేర్లూ సన్నివేశాలూ చదవాల్సిన మనిషికి జ్వరం తగులుకుంది.

“నువ్వే దిక్కు తాతా,” అంది కావ్య.

“చదవటమేగా, దానికేం భాగ్యం!” అన్నాడు షౌకత్.

మొదటి పేజీలోనే కొంప మునిగింది. కాగితం మీద ‘వీరరాఘవమ్మ’ అని కనపడగానే ఆయన లేచి నిలబడ్డాడు. “వీరరాఘవమ్మా! వీరరాఘవమ్మా! వీరరాఘవమ్మా!” మైకు కుయ్యిమంది. ఆ పాత్ర చదవాల్సిన అపర్ణ దడుచుకుని లేచి చేతులు కట్టుకుంది. హాలంతా ఒకటే నవ్వు. ఖర్మకాలి ఆ పేజీలో ఆ పేరు పదకొండుసార్లుంది. ముందు వరసలో శ్రీహరి ఫోను తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు.

కావ్య వంగి వంగి స్టేజీ ఎక్కింది. “తాతా, నీకు దణ్ణం పెడతా. ఒక్కసారే చదువు. కాగితంలో ఏముంటే అదే చదువు. ఆయన లేచిపోయేట్టున్నాడు.”

“అలవాటమ్మాయ్. ఇంక చూడు,” అన్నాడు షౌకత్. ఆయనకు సిగ్గేసింది. పిల్ల కష్టం తన నోటివల్ల మట్టిగొట్టుకుపోతుందేమోనని భయమూ వేసింది. అక్కణ్ణుంచి బుద్ధిగా, మెత్తగా చదివాడు. అరెకరం పొలం కోసం ఏళ్లతరబడి కోర్టు చుట్టూ తిరిగే వీరరాఘవమ్మ కథలో జనం పడిపోయారు. శ్రీహరి ఫోను జేబులో పెట్టాడు.

చివరి సన్నివేశం కోర్టు. ‘బంట్రోతు ఒకసారి పిలుస్తాడు. ఆమె పలకదు. జడ్జి కేసు కొట్టేస్తాడు’ అని ఉంది. షౌకత్ కళ్లజోడు తీశాడు.

“ఇది నేను చదవను.”

కావ్య మళ్లీ స్టేజీ దగ్గరికి పరిగెత్తింది.

“ఒక్క పిలుపుకు కొట్టెయ్యకూడదమ్మాయ్. ముసలాళ్లు నీళ్లకు పోతారు, కాళ్లు లాగి ఏడనో కూలబడతారు. అందుకే మూడు పిలుపులు.” ఆయన కాగితం కింద పెట్టాడు. “నేను ఒకసారి ఒక్క పిలుపే పిలిచా. అన్నానికి టైమైంది, ఆకలి. మూడుసార్లూ పిలిచానని లోపల జడ్జికి చెప్పా. దాచేపల్లి ముసలామె కుళాయి కాడుంది. తడిచేతులతో వచ్చేసరికి కేసు పోయింది. ‘పిలవలేదే నాయనా’ అంది. ‘పిలిచా, నీకే చెవుడు’ అన్నా.”

కావ్య కళ్లు తుడుచుకుంది. “పిలువు తాతా. మూడుసార్లూ పిలువు.”

షౌకత్ పిలిచాడు. మూడో పిలుపుకు, కాగితంలో అక్కడ ఏ మాటా లేకపోయినా అపర్ణ లేచింది.

“ఉన్నా నాయనా, వస్తన్నా!”

హాలు చప్పట్లతో అదిరిపోయింది. శ్రీహరి లేచి, “అమ్మా కావ్యా, ఈ ముగింపు మాత్రం మార్చొద్దు, ఇట్లాగే తీద్దాం,” అన్నాడు.

షౌకత్‌కు అదేమీ వినపడలేదు. ఆయన అపర్ణ ముందు చేతులు జోడించి నిలబడి ఉన్నాడు.

“నీకు చెవుడు లేదమ్మా,” అన్నాడు. “నేనే పిలవలేదు.”